పద్దు నంబరు పదిహేడు

విజయనగరం నగరపాలక సంస్థ
బడ్జెట్ పుస్తకం, నూట ఆరో పేజీ.
పైన దోమల మందు, కింద వీధికుక్కల ఆపరేషన్లు,
మధ్యలో ఒక్క గీత:
‘యువజన వినోద, క్రీడా కార్యక్రమాలు, రెండు లక్షల నలభై వేలు.’
టైపు చేసింది నేనే.
‘క్రీడా’ అనాలా ‘క్రీడల’ అనాలా అని ఆలోచించినంతసేపు
ఎవరు ఆడతారో ఆలోచించలేదు.

ఆ డబ్బు ఎక్కడిదంటే
కుళాయి పన్ను, ఖాళీ స్థలం పన్ను,
గంటస్తంభం పక్కన పొద్దున్నే చింపిచ్చే
పది రూపాయల ఆశీలు చీటీ.
రౌతు పరదేశమ్మ ఎండుచేపల గంప దించకుండానే
రొంటిన దోపిన పదీ తీసిస్తుంది.
నెత్తళ్ల వాసన నోటుకంటి
ట్రెజరీ దాకా వస్తుంది.
"ఈ పదీ ఎటెల్తాది బావూ?" అని అడిగిందోసారి.
"జనరల్ ఫండుకి."
"ఆడెవుడు?"

ఆవిడ కూతురు ఢిల్లీశ్వరి
మూతబడ్డ జూట్ మిల్లు వెనక రేకుల షెడ్డులో
బరువులెత్తుతుంది.
తుప్పు రాడ్డు. నడుమ కాస్త వంగి
లేపినప్పుడల్లా ఓ పక్కకి గుంజుతుంది
పలుపు తెంచుకున్న పెయ్యలా.
చేతులు జారకుండా బడి సుద్దముక్కలు దంచి పూసుకుంటారు.
కోచ్ కర్రి అసిరినాయుడికి గౌరవ వేతనం.
వేతనం ఏడాది బకాయి,
గౌరవం సంగతి ఫైల్లో లేదు.

లక్షా పదివేలు ప్రారంభోత్సవం తినేసింది.
షామియానా, శాలువాలు, మైకు, నీళ్ల బాటిళ్లు,
రిబ్బను కోసిన కత్తెరకి కూడా ఓచరుంది.
ఏం ప్రారంభించారో ఓచర్లో రాయక్కర్లేదు.

మిగిలింది మార్చి ముప్పై ఒకటి దాటితే
మురిగిపోతుంది.
మా సెక్షన్లో అందరూ అనే మాటే.
ఇరవై రెండేళ్లుగా నేనూ అంటున్నాను.
ఆ ఏడే మొదటిసారి
ఆ మాట నాకు కంపు కొట్టింది.

ముప్పయ్యో తేదీ రాత్రి
కమిషనర్ గారు పెళ్లి పంక్తిలో ఉంటే
అరిటాకు పక్కన ఫైలు తెరిచాను.
ఎడంచేత్తో సంతకం చేశారు.
బ్యాంకు వాడు రెండుసార్లు చూశాడు.

మే నెలలో రాడ్డొచ్చింది, తళతళలాడుతూ.
అసిరినాయుడు ఎత్తి చూసి
నవ్వాడో ఏడ్చాడో.
"ఇది మగోళ్లదండీ, ఇరవై కిలోలు.
ఆడపిల్లలది పదిహేనే కదా."
తక్కువ కొటేషన్ దానిదే.
మార్చాలంటే మళ్లీ మార్చి రావాలి.

ఆ పైన ఐదు కిలోలకీ గుంటలు పేరెట్టుకున్నారు:
మునిసిపాలిటీ.
"ప్లేట్లు ముప్పై, రాడ్డు పదిహేను, మునిసిపాలిటీ ఐదు"
అని పాడుకుంటూ లెక్కేసుకుంటూ
ఎండల్లో ఎత్తారు,
రేకుల మీద వాన హోరులో ఎత్తారు.

కార్తీకంలో కాకినాడలో పోటీలు.
నేను వెళ్లలేదు, ఖర్చుల బిల్లు పాస్ చేశాను.
ఎనిమిది రైలు టిక్కెట్లు, ఇడ్లీలు, ఒక కాలి కట్టు.
బిల్లు వెనక పెన్సిలు రాత:
‘సార్, ఇక్కడ రాడ్డు మన ఇజీనారం రాడ్డులా నేదు.
ఎత్తితే వట్టి చేతులే లేచినట్టయి
ఎనక్కి తూలిపోయాను. — ఢిల్లీశ్వరి’
పతకం వచ్చిందో లేదో రాయలేదు.
బిల్లులో దానికి గడి లేదు.

ఇప్పుడు ఆడిట్ వారి అభ్యంతరం నా బల్ల మీద:
‘బాలికలకు పురుషుల పరికరము కొనుగోలు చేయుటకు
కారణము తెలుపవలెను.’
మూడు రోజులుగా రాస్తున్నాను, కొట్టేస్తున్నాను.

ఈ పొద్దున పరదేశమ్మ
చీటీని కొంగున ముడేసుకుంటూ అడిగింది:
"జనరల్ ఫండు బాగున్నాడా బావూ?"
"ఉన్నాడమ్మా."
గంప దించబోతుంటే ఒక చెయ్యేశాను.
ఎన్ని కిలోలో అడగలేదు.
సాయంత్రం దాకా
నా భుజం చెబుతూనే ఉంది.